చింతపండు పులుపు నాలుకకి ఎలా తెలుస్తుంది?

పులిహోరప్రియ: తీపికి, చేదుకి ఆ మాలిక్యూల్ వచ్చి రిసెప్టర్‌కి (రుచిని పట్టే ప్రోటీన్) అతుక్కుంటుందని చదివా. మరి చింతపండులో టార్టారిక్, నిమ్మలో సిట్రిక్, వెనిగర్‌లో ఎసిటిక్... ఇన్ని యాసిడ్స్‌కి ఒక్కోదానికి ఒక్కో రిసెప్టర్ ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

బయోబాబు: లేదండి, నాలుక పట్టుకునేది యాసిడ్‌లోంచి విడిపోయే ప్రోటాన్‌ని (హైడ్రోజన్ అయాన్). టేస్ట్ బడ్‌లో టైప్ 3 సెల్స్ (పులుపుని పట్టే కణాలు) ఉంటాయి, వాటిమీద ఓటాప్1 అనే చానల్ (అయాన్లు దాటే ప్రోటీన్ దారి), ప్రోటాన్లు అందులోంచే లోపలికి దూరతాయి, దాంతో వోల్టేజ్ మారి కాల్షియం లోపలికొచ్చి నరానికి సిగ్నల్ వెళ్తుంది. ఎమిలీ లైమన్ ల్యాబ్ వాళ్ళు 2018లో బయటపెట్టారు

రవ్వదోశ: పులుపుని పట్టే చానల్ పీకేడీ2ఎల్1 కదా బ్రో? మా పాత బుక్‌లో అదే ఉంది

బయోబాబు: 2006లో అలాగే అనుకున్నారు. కానీ దాని జీన్ తీసేసిన ఎలుకల్లో పులుపు స్పందన చాలావరకు అలాగే ఉంది, అదే ఓటాప్1 తీసేస్తే నరం సిగ్నల్ బాగా పడిపోయింది (2019)

కెమిస్ట్రీపిచ్చి: ఇంకోటి, పీహెచ్ (ద్రవంలో విడిగా ఉన్న ప్రోటాన్ల కొలత) ఒకటే అయినా హైడ్రోక్లోరిక్ కంటే ఎసిటిక్ యాసిడే ఎక్కువ పుల్లగా అనిపిస్తుంది (ఇంట్లో ట్రై చెయ్యకండి బాబూ). ఎందుకంటే ఎసిటిక్ లాంటి వీక్ యాసిడ్ (నీళ్ళలో కొంతే విడిపోయేది) విడిపోకుండానే సెల్ మెంబ్రేన్ (పొర) దాటేసి లోపల ప్రోటాన్ వదుల్తుంది, అది పొటాషియం బయటికి పోయే చానల్‌ని మూసేస్తుంది, సిగ్నల్ ఇంకా పెరుగుతుంది

పులిహోరప్రియ: ఓహో, అందుకేనా పీహెచ్ ఒక్కటే చూస్తే లెక్క కుదరట్లేదు. థాంక్సండీ