చర్చ: క్రోమోజోముల పరీక్ష రాశారు, మా వారు కూడా చేయించుకోవాలా?

బ్రాడీపేట_అమ్మాయి:
రెండోసారి కూడా మూడో నెల నిండకుండానే పోయింది. కొత్తపేటలో చూపించుకుంటున్నాం. డాక్టరమ్మ ఈసారి నాకూ మా వారికీ కార్యోటైప్ అని, రక్తంలో క్రోమోజోములు చూసే పరీక్ష రాశారు. "నాకెందుకు, నేను బాగానే ఉన్నాగా" అంటున్నారు మా వారు. అత్తగారైతే చీటీ పట్టుకుని "ఇదేం రోగమే" అని రెండు రోజులుగా ఒకటే అడగడం. చేయించుకున్నవాళ్లు చెప్పండి. రిపోర్టుకు ఎన్నాళ్లు పడుతుంది? పరగడుపున వెళ్లాలా?

కృష్ణలంక_కోడలు:
ముందు మీ వారినే తీసుకెళ్లండి. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. పదకొండేళ్లు మా అత్తగారు నన్నే అన్నారు. మా పెద్దది ఓ రోజు టెన్త్ పుస్తకం తెచ్చి వాళ్ల నాయనమ్మ ముందు కూర్చుని గట్టిగా చదివింది. అమ్మ దగ్గర ఉండేవి రెండూ ఎక్స్ క్రోమోజోములే, ఆడపిల్లకు ఎక్స్ ఇవ్వాలన్నా మగపిల్లాడికి వై ఇవ్వాలన్నా నాన్నే అని. ఆవిడ చిక్కుడుకాయలు ఒలవడం ఆపి "అయితే మావాడిదంటావా" అంది. అంతే, ఆ మాట మళ్లీ మా ఇంట్లో వినపడలేదు.

జువాలజీ_మాస్టారు:
34 ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఇదే చెప్పాను కాబట్టి రాస్తున్నా. కణ కేంద్రకంలో డీఎన్ఏ, ప్రోటీన్లు కలిసిన పోగు క్రోమోజోము. రంగు బాగా పడుతుందని 1888లో వాల్డేయర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. ఒక్క కణంలో ఉన్న డీఎన్ఏ మొత్తం సాగదీస్తే రెండు మీటర్లు. మంగళగిరిలో ఎప్పుడైనా మగ్గం చూశారా? నూలు కండెకు చుట్టకపోతే అంతా చిక్కే. ఇక్కడ హిస్టోన్లు అనే ప్రోటీన్లే కండెలు. కణం చీలేముందు ప్రతి పోగుకూ నకలు తయారై, పిల్లకణాలకు చెరొకటి చేరాలి. గట్టిగా చుట్టుకుంటేనే ఆ పంపకం చిక్కు లేకుండా జరుగుతుంది. మా చిన్నప్పటి పుస్తకాల్లో మనిషికి 48 అని ఉండేది.

నీట్_రెండోసారి:
48 కాదు సార్, 46. 48 చింపాంజీకి. మొన్న గ్రాండ్ టెస్టులో కూడా ఇచ్చారు.

జువాలజీ_మాస్టారు:
"ఉండేది" అని రాశాను నాయనా. పూర్తిగా చదవకుండా ఆప్షన్ పెట్టేస్తే రెండోసారి కాదు, మూడోసారి కూడా రాయాల్సి వస్తుంది. పెయింటర్ అనే శాస్త్రవేత్త 1923లో 48 అని తేల్చాడు, ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా అదే పాఠం. 1956లో స్వీడన్ నుంచి చియో, లెవాన్ ఇద్దరూ 46 అని ప్రకటించారు.

నీట్_రెండోసారి:
నా ర్యాంకు గురించి ఇక్కడెందుకు సార్? అయినా ముప్పై ఏళ్లు అందరూ లెక్క తప్పారంటే ఎవరు నమ్ముతారు? వేళ్లు పెట్టి లెక్కేసినా వస్తుంది కదా.

తాడికొండ_మిరప:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మిరపకు 24 అని మా వ్యవసాయాధికారి చెప్పాడు. బంగాళాదుంపకు 48 అట. మరి బంగాళాదుంప మనకన్నా తెలివైనదా మాస్టారూ?

సూర్యారావుపేట_ల్యాబ్:
తమ్ముడూ, వేళ్లు పెట్టి లెక్కేయడానికి అవి చింతపిక్కలు కావు. తొమ్మిదేళ్లుగా నా పని ఇదే. ఎర్ర రక్తకణాల్లో కేంద్రకమే ఉండదు, అందుకని తెల్లకణాలను 37 డిగ్రీల దగ్గర మూడు రోజులు పెంచుతాం. అవి చీలబోయే సమయానికి కాల్చిసిన్ అనే మందు వేసి ఆపేస్తాం. ఆ దశలో తప్ప మిగతా అప్పుడు పోగులన్నీ విడిపోయి పీచులా ఉంటాయి, విడివిడిగా కనపడవు. తర్వాత పల్చటి ఉప్పునీళ్లలో వేస్తే కణం ఉబ్బుతుంది. స్లైడు మీద కాస్త ఎత్తు నుంచి చుక్క వదిలితే పగిలి క్రోమోజోములు పరుచుకుంటాయి. పాతకాలంలో ఈ ఉప్పునీళ్ల కిటుకు లేదు, ఒకదానిమీద ఒకటి పడి కుప్పలా కనపడేవి. లెక్క తప్పడంలో వింతేముంది? ఇప్పటికీ చుక్క సరిగ్గా పడకపోతే నేనే ఆ స్లైడు పక్కన పడేస్తా.

నీట్_రెండోసారి:
సరే అన్నా, ఒప్పుకుంటా. సార్ ముందే ఇలా చెప్పుంటే గొడవే లేదు.

జువాలజీ_మాస్టారు:
అడిగితేగా చెప్పడానికి.

పటమట_అమ్మ:
మా బాబుకు 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్. 1959లో ఫ్రాన్స్‌లో కనిపెట్టారట. వాడికి పద్నాలుగేళ్లు. సందు చివర పాలబూత్‌కు వెళ్లి రెండు ప్యాకెట్లు తెచ్చి, చిల్లర నా అరచేతిలో ఒక్కొక్క నాణెమే పెట్టి లెక్క చెప్తాడు. రోగం అనే మాట మాత్రం వాడకండి.

తాడికొండ_మిరప:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. పైగా ఇంకోటి. నిరుడు హైబ్రిడ్ చేలో మంచి కాయలు ఏరి, గింజ తీసి ఈసారి అరెకరం వేశా. ఒక చెట్టు నడుందాకా, ఒకటి మోకాలిదాకా. కాయ ఒకటి పొడుగు, ఒకటి గిడస. యార్డులో దళారీ టిక్కీ బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, మొహం చూసి నవ్వాడు. గింజలో ఏదో కలిపి అమ్ముతున్నారు వీళ్లు.

జువాలజీ_మాస్టారు:
ఎవరూ ఏమీ కలపలేదు. నీ హైబ్రిడ్‌లో 12 జతలు, ప్రతి జతలో ఒకటి తల్లి రకానిది, ఒకటి తండ్రి రకానిది. అది గింజ కట్టేటప్పుడు పేక కలిపి పంచినట్టే, ఏ ముక్క ఎవరికి పోతుందో తెలియదు. మంచి చేయి ఒకసారి పడిందని మళ్లీ మళ్లీ పడుతుందా? లాం ఫారం పరిశోధనా కేంద్రం రకాల్లో చాలావరకు హైబ్రిడ్లు కావు, వాటి గింజ దాచుకోవచ్చు. సంఖ్యకూ తెలివికీ సంబంధం లేదు, అదీ నీ బంగాళాదుంప సంగతి.

తాడికొండ_మిరప:
దాచుకోవచ్చంటారు గానీ పక్కచేలోంచి తేనెటీగలు వస్తాయి, అవీ కలిపేస్తాయి. చేలో దిగి చూడాలి మాస్టారూ, బోర్డు మీద కాదు.

బెంజ్_సర్కిల్_రమ్య:
మిరపకాయలు కాసేపు పక్కన పెట్టండి బాబూ. బ్రాడీపేట చెల్లీ, నాకూ మూడుసార్లు పోయింది. నా రిపోర్టులో ఏమీ లేదు, మా ఆయనదాంట్లో దొరికింది. 11వ క్రోమోజోములోని ముక్క 22వదానికి అతుక్కుంది, 22లోది 11కు. ఆయనకు ఏ తేడా లేదు, ఎందుకంటే సరుకంతా ఉంది, అరలు మారాయంతే. బిడ్డకు సగం ఇచ్చేటప్పుడు ఒక ముక్క ఎక్కువై ఇంకోటి తక్కువైతే నిలవదు. సరిగ్గా పడితే నిలుస్తుంది. నాలుగోసారి నిలిచింది, ఇప్పుడు యూకేజీ. రిపోర్టుకు మాకు మూడు వారాలు పట్టింది.

సూర్యారావుపేట_ల్యాబ్:
భయపెట్టకండి మేడమ్, పదేపదే పోయే జంటల్లో కూడా ఇలా దొరికేది నూటికి మూడు నాలుగింటిలోనే. మూడు నెలల్లోపు పోయేవాటిలో దాదాపు సగం, ఆ పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే. అంటే ఆ ఒక్కసారికి జరిగింది. అమ్మానాన్నల రిపోర్టులు మామూలుగానే ఉంటాయి.

బెంజ్_సర్కిల్_రమ్య:
నేను భయపెట్టానా? మూడుసార్లు పోయినదాన్ని నేను!

సూర్యారావుపేట_ల్యాబ్:
సారీ మేడమ్. ఆ అర్థంతో అనలేదు.

బ్రాడీపేట_అమ్మాయి:
రమ్యక్క రాసింది మా వారికి చూపించాను. రెండుసార్లు చదివి, సోమవారం సెలవు పెడతానన్నారు. పటమట అమ్మగారూ, అత్తగారితో ఆ మాట నేను చెప్తాను. అది సరే గానీ, పరగడుపునా తినా అనేది ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.

సూర్యారావుపేట_ల్యాబ్:
శుభ్రంగా ఇడ్లీ తినే వెళ్లండి. పచ్చమూత గొట్టంలోనే రక్తం తీస్తున్నారో లేదో చూసుకోండి, గడ్డకడితే మళ్లీ పొడవాలి.

తాడికొండ_మిరప:
ఇడ్లీలోకి కారప్పొడి కావాలంటే చెప్పమ్మా. ఆ గిడస కాయలు ఇంకా మూడు టిక్కీలున్నాయి.