ఛాన్సలర్ గారి ‘ఫుట్’: పాదమా, అడుగా, మూరా?

అనువాదకురాలు: ఒక పుస్తకం తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒకే ముక్క దగ్గర కూర్చున్నాను, కాస్త సాయం చేయండి. జాన్ సెల్డెన్ అని 17వ శతాబ్దపు ఇంగ్లిష్ లాయరు, పార్లమెంటు సభ్యుడు కూడా. ఆయన చెప్పిన కబుర్లను సెక్రటరీ రిచర్డ్ మిల్వర్డ్ రాసిపెట్టుకుంటే ఆయన పోయిన 35 ఏళ్లకు, 1689లో అచ్చయ్యాయి. అందులో ఈక్విటీ మీద ఒక మాట ఉంది. చట్టానికైతే కొలత ఉంది, దేన్ని నమ్ముకోవాలో తెలుసు. ఈక్విటీ మాత్రం ఛాన్సలర్‌గా కూర్చున్నవాడి మనస్సాక్షిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. ‘ఫుట్’ అనే కొలతకు ఛాన్సలర్ గారి ఫుట్‌నే ప్రమాణంగా పెట్టుకున్నట్టు. ఒకాయనది పొడుగు, ఒకాయనది పొట్టి, మూడో ఆయనది మధ్యరకం. ఇదీ భావం.

ఆ ‘ఫుట్’ని ఏం చేయను? పాదం అంటే కొలత పోయింది, పైగా పాదం అనగానే మనకు దండం పెట్టాలనిపిస్తుంది. ‘ఛాన్సలర్ అడుగు’ అంటే ఎవరో నడిచొస్తున్నట్టుంది. అందుకని ‘ఛాన్సలర్ గారి మూర’ అని పెట్టేశాను. మా వీధి చివర పూలమ్మే ఆవిడ మూరకి, ఆవిడ కోడలు కూర్చున్న రోజు మూరకి నాలుగు మల్లెమొగ్గలు తేడా ఉంటుంది. తెలుగువాళ్లకి ఇట్టే ఎక్కుతుంది కదా?

పాత ప్లీడరు: మూర ముచ్చటగా ఉంది గానీ వద్దమ్మా. పూల మూర ఎప్పుడూ అమ్మేవాళ్ల చేతిని బట్టే, అది మనకి అలవాటే, మహా అయితే ఇంకో రెండు మొగ్గలు వెయ్యమని అడిగి తీసుకుంటాం. ఫుట్ అలాంటిది కాదు. అప్పటికే దానికి లెక్క ఖరారైపోయింది, 12 అంగుళాలు, మూడు ఫుట్లు ఒక గజం. ఎలిజబెత్ రాణి 1588లో చేయించిన గజం బద్ద ఖజానాలో ప్రమాణంగా ఉండేది. అలా ఖాయమైన కొలతని తీసేసి కుర్చీలో ఎవరుంటే వాళ్ల కాలు చాపించి కొలుద్దాం అంటే ఎలా ఉంటుందీ అని సెల్డెన్ వెక్కిరింపు. మూర పెట్టావంటే ఆ వెక్కిరింపు పోయి, ఉన్న సంగతి చెప్పినట్టు అవుతుంది.

కొత్త సభ్యుడు: సార్, అసలు ఛాన్సలర్ అంటే యూనివర్సిటీ ఛాన్సలరేనా? ఈక్విటీ అంటే నాకు షేర్ మార్కెట్ తప్ప ఇంకోటి తోచలేదు.

పాత ప్లీడరు: నవ్వించావు బాబూ, కానీ తప్పు నీది కాదు, ఆ రెండు మాటలూ మన పేపర్లలో అలాగే స్థిరపడ్డాయి. అక్కడ లార్డ్ ఛాన్సలర్ అంటే రాజు తరఫున ఛాన్సరీ అనే కోర్టు నడిపే పెద్ద. మామూలు కోర్టు సూత్రం ప్రకారం అన్యాయం జరిగిపోతోందని వస్తే ఆయన మనస్సాక్షి చూసి సర్దేవాడు, ఆ సర్దుబాటు పేరే ఈక్విటీ. సెల్డెన్ కాలంలో ఆ కుర్చీలో ఫ్రాన్సిస్ బేకన్ లాంటి లాయరూ కూర్చున్నాడు, ఆయన దిగిపోగానే 1621లో లార్డ్ కీపర్ పేరుతో జాన్ విలియమ్స్ అనే చర్చి ఆయనా కూర్చున్నాడు. కాలు మారింది చూశావా!

మనకు సంబంధం లేని గొడవ కూడా కాదిది. మద్రాసు సివిల్ కోర్టుల చట్టం, 1873 నాటిది, ఫలానా విషయానికి రూలు లేకపోతే న్యాయం, ఈక్విటీ, మంచి మనస్సాక్షి ప్రకారం తీర్చమనేది. మన జిల్లాల్లో చాలా కోర్టులకు అప్పట్లో అదే దారి.

అనువాదకురాలు: మాస్టారూ, మూర కొట్టేశాను, ఒప్పుకున్నా. ఇంకోటి. ఈక్విటీని ఆయన ‘రోగిష్ థింగ్’ అన్నాడు. నిఘంటువులో ‘దుష్ట’ అని ఉంది, అది పెడితే సినిమా విలన్‌ని తిట్టినట్టుంది.

పాత ప్లీడరు: నిఘంటువు పక్కన పెట్టు. దీని మీద సెల్డెన్ కథే ఒకటుంది. 1643లో వెస్ట్‌మినిస్టర్‌లో మత పెద్దల సభ పెడితే ఈయన్నీ సభ్యుడిగా వేశారు. హీబ్రూ, అరబిక్ కూడా చదివిన మనిషి. ఎవరైనా పాదిరి ఒక వాక్యం పట్టుకుని వాదిస్తుంటే, మీ జేబులో బంగారు అంచుల చిట్టి బైబిల్లో అలా ఉందేమో, గ్రీకులోనో హీబ్రూలోనో మాత్రం ఇలా ఉంది అని నోరు మూయించేవాడట. ఈ సంగతి ఆయన స్నేహితుడు, ఆయనా లాయరే, వైట్‌లాక్ రాసిపెట్టాడు. అలాంటివాడు కబుర్లలో వాడిన మాటకి ‘దుష్ట’ ఏం అతుకుతుంది? ‘టక్కరిది’ అను.

కొత్త సభ్యుడు: ఈయన రాజుగారి మనిషా, పార్లమెంటు మనిషా? ఛాన్సలర్ మీద ఇంత మంట ఎందుకు?

పాత ప్లీడరు: పార్లమెంటు మనిషే. ససెక్స్‌లో చిన్న రైతు కొడుకు, 1584లో పుట్టాడు. 1627లో మొదటి చార్లెస్ రాజు బలవంతపు అప్పు అడిగితే, ఇవ్వం అన్న ఐదుగురు నైట్లని, అంటే ‘సర్’ బిరుదున్న పెద్దమనుషుల్ని, జైల్లో పెట్టించాడు. ఏ నేరానికి అంటే ‘రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ’ అని, అంతే. వాళ్లలో ఎడ్మండ్ హాంప్డెన్ తరఫున వాదించింది సెల్డెనే. ఓడిపోయారు. మరుసటి ఏడు, 1628లో, కారణం చెప్పకుండా ఎవర్నీ లోపల వేయకూడదని పార్లమెంటు హక్కుల విన్నపం పెడితే అందులోనూ ఈయన చెయ్యి ఉంది. 1629 మార్చిలో స్పీకర్ సభ ముగించబోతే సభ్యులు ఆయన్ని కుర్చీలోంచి లేవకుండా పట్టుకుని తీర్మానాలు చదివారు, దాని తర్వాత కొందరిని పట్టుకెళ్లి లండన్ టవర్ అనే కోట జైల్లో పెట్టారు, వాళ్లలో ఈయనా ఉన్నాడు. మంచిగా ఉంటామని పూచీ రాసిస్తే వదులుతామన్నారు. రాయనన్నాడు. 1631 దాకా ఖైదే. కొలత ఒకడి ఇష్టం మీద ఆధారపడితే ఏమవుతుందో ఒంటి మీద చూసినవాడు. మంట కాకపోతే ఏముంటుంది.

అనువాదకురాలు: ఇది చదివాక ‘మనస్సాక్షి’ దగ్గర ఆగాను. మన మాటలో సాక్షి ఉంది. మామూలుగా సాక్షి చెబితే జడ్జి తేలుస్తాడు. ఇక్కడ జడ్జి లోపలి సాక్షే తీర్పూ చెప్పేస్తోంది. ఇంగ్లిష్‌లో లేని ఈ చమత్కారం ఉత్తపుణ్యానికి దొరికింది, ముందు రాసుకున్న ‘అంతఃకరణ’ తీసేస్తున్నా.

ఇదిగో: “ఈక్విటీ టక్కరిది. అడుగు అనే కొలతకి ఛాన్సలర్ గారి అడుగే ప్రమాణం అన్నట్టుంది. ఒకాయన అడుగు పొడుగు, ఇంకొకాయనది పొట్టి, మూడో ఆయనది మధ్యరకం. ఛాన్సలర్ గారి మనస్సాక్షీ అంతే.”

పాత ప్లీడరు: కుదిరింది. ‘అడుగు అనే కొలతకి’ అని ముందే చెప్పావు కాబట్టి నడిచొస్తున్నట్టు ఇక అనిపించదు. 1818లో లార్డ్ ఎల్డన్ అనే ఛాన్సలర్, ఈ కోర్టు ఈక్విటీ ఛాన్సలర్ ఫుట్‌లా మారుతుందన్న నిందకి నేను తావిచ్చానని తెలిస్తే, కుర్చీ దిగేటప్పుడు నాకు అంతకు మించిన బాధ ఉండదు అన్నాడు. అదీ పుస్తకంలో వస్తే అక్కడా ‘అడుగు’ అనే ఉంచు, మళ్లీ మార్చకు.

కొత్త సభ్యుడు: అక్కా, నాదో సలహా. ‘ఛాన్సలర్’ దగ్గర కింద చిన్న వివరణ ఇవ్వండి, నాలాంటివాళ్లు వైస్ ఛాన్సలర్ చెప్పు సైజు అనుకుంటారు.