స్వింగ్‌లోకి మార్చిన పాప్ పాటలో గాత్రం రైడ్ సింబల్‌తో అతకడం లేదు

కొత్త పాప్ పాటలను పాత శైలుల్లో పాడే స్కాట్ బ్రాడ్లీ బృందం పోస్ట్‌మోడర్న్ జ్యూక్‌బాక్స్ పద్ధతిలో, గాయని లార్డ్ పాడగా 2013లో సింగిల్‌గా వచ్చిన ‘రాయల్స్’ని 1930ల నాటి స్వింగ్ జాజ్‌గా మారుస్తున్నాను. వాద్యాలు బాగా కుదిరాయి. గొంతు కలిపేసరికి చెడుతోంది.

అసలు పాట వేగం 85 బీపీఎం (నిమిషానికి బీట్లు). మాటలన్నీ పదహారో వంతు స్వరాల మీద చకచకా పడతాయి. అందుకే వేగాన్ని 170గా లెక్కపెట్టి, వాటిని ఎనిమిదో వంతు స్వరాలుగా రాసుకున్నాను. ఉన్న కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) డీ, సీ, జీ మాత్రమే కాబట్టి జీకి ముందు ఏ మైనర్ సెవెన్, డీ సెవెన్ చేర్చాను. అక్కడ పాత జాజ్ రంగు నిజంగా వచ్చింది! కింద బీటుకో స్వరంగా నడిచే వాకింగ్ బేస్, డ్రమ్స్‌లో తాళం నడిపే పళ్లెం రైడ్ సింబల్. సాఫ్ట్‌వేర్‌లో స్వింగ్ 66 శాతం, అంటే ప్రతి జత ఎనిమిదో వంతు స్వరాల్లో మొదటిది పొడవు, రెండోది పొట్టి, దాదాపు 2:1 (సమానమైతే 50).

గాత్రాన్ని కూడా 66కి లాగితే మాటలు కుంటుతున్నాయి, చిన్నపిల్లల పాటలా వినిపిస్తోంది. స్వింగ్ లేకుండా వదిలేస్తే పంక్తి చివర్లలో రైడ్‌తో ఢీకొంటోంది. అన్నిటినీ 58కి తగ్గిస్తే గాత్రం బాగుపడింది గానీ డ్రమ్స్‌లో ఊపు పోయింది. క్వాంటైజ్ (స్వరాలను సాఫ్ట్‌వేర్ తాళానికి సర్దడం) తీసేసి మళ్లీ పాడించాం, తేడా లేదు. గాత్రాన్ని 20 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే పల్లవి కుదిరింది, చరణం కుదరలేదు.

వేగం పెరిగేకొద్దీ జాజ్ వాద్యకారులు స్వరాలను సమానానికి దగ్గరగా వాయిస్తారని తెలుసు. రైడ్‌ని మాత్రం 66 దగ్గరే ఉంచాలనుంది.

170 వేగంలో, చరణంలో గాత్రానికి ఎంత శాతం స్వింగ్ పెడితే రైడ్‌తో అతుకుతుంది?