ఆసుపత్రి ఫార్మసిస్టులకు ఏడాది రెసిడెన్సీ: షెడ్యూలు ఎలా వేయాలి, ఏం నేర్పాలి?

ఇన్‌ఛార్జ్_కూకట్‌పల్లి
అందరికీ నమస్కారం. మా 300 పడకల ఆసుపత్రిలో ఫార్మ్.డీ (ఆరేళ్ల ఫార్మసీ డిగ్రీ) పూర్తయినవాళ్లకి 12 నెలల రెసిడెన్సీ మొదలుపెడుతున్నాం. ఇద్దరు రెసిడెంట్లు, వాళ్లకి ప్రిసెప్టర్‌గా (దగ్గరుండి నేర్పేవారిగా) ఒక సీనియర్ క్లినికల్ ఫార్మసిస్టు. ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో జనరల్ మెడిసిన్‌లో 6 నెలలు, మరో మూడు విభాగాల్లో 2 నెలల చొప్పున ఎలాగూ తిరిగే వస్తారు. మళ్లీ అదే తిప్పితే ఏడాది వృథా. నడిపిన అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి. మొదటి మూడు నెలల్లో ఏం పెట్టాలి, నేర్చుకున్నారో లేదో ఎలా తేల్చాలి?

వార్డ్‌ఫార్మా_సోమాజిగూడ
సర్, ముందు తేల్చుకోవాల్సింది రెసిడెంట్ ఎన్ని పడకలకి జవాబుదారీ అన్నది. ఇంటర్న్ కేసు రాసుకుని ప్రిసెప్టర్‌కి చూపిస్తే సరిపోతుంది. రెసిడెంట్ పేరు మీద పడకలుండాలి. ఆ పడకల డ్రగ్ చార్టులో తప్పుంటే పొద్దున రౌండ్స్‌కి ముందే పట్టుకోవాల్సిన మనిషి అతనే. మొదట్లో 10-12 పడకలు ఇవ్వండి, ఆర్నెల్లు తిరిగేసరికి 20-25. అంతకు మించితే చార్టుల్లో పేజీలు తిప్పడానికే పొద్దు సరిపోతుంది.

52 వారాల్లో 4 వారాలు సెలవులకీ పరీక్షలకీ పక్కన పెట్టండి. మిగిలిన 48లో ఫార్మసీ, ఇంజెక్షన్ల తయారీకి 6, జనరల్ మెడిసిన్‌కి 10, ఐసీయూకి 8, యాంటీబయాటిక్ స్టీవార్డ్‌షిప్‌కి (యాంటీబయాటిక్స్ సరిగ్గా వాడేలా చూసే పనికి) 4. నెఫ్రాలజీ, కార్డియాలజీ, పిల్లల వార్డు, ఆంకాలజీ తలా 4. చివరి 4 వాళ్లకి నచ్చినచోట. డ్రగ్ ఇన్ఫర్మేషన్‌కి (మందుల మీద వచ్చే ప్రశ్నలకి జవాబు వెతికే పనికి) విడిగా నెల పెట్టొద్దు, ఏడాదంతా వారానికి ఒక పూట చాలు. మీ దగ్గర పిల్లల వార్డు చిన్నదైతే ఆ 4 వారాలకీ పిల్లల ఆసుపత్రితో ముందే ఒప్పందం రాసుకోండి. అప్పటికప్పుడు అడిగితే దొరకదు.

ప్రాజెక్టు సంగతి కూడా. ఎథిక్స్ కమిటీకి మొదటి రెండు నెలల్లోనే పంపించాలి. ఆర్నెల్లయ్యాక ప్రొటోకాల్ రాయడం మొదలుపెడితే ఏడాది చివర డేటా లేని రిపోర్టే మిగులుతుంది.

ఇంజెక్షన్_రూమ్_ఎల్బీనగర్
6 వారాల ఫార్మసీ పోస్టింగ్‌ని చిన్నచూపు చూడకండి. ఇండెంట్లు (వార్డుల నుంచి వచ్చే మందుల కోరికలు) చూడటానికి రెండు వారాలు చాలు. మిగతా నాలుగూ హై అలర్ట్ మందులు (పొరపాటైతే పెద్ద హాని చేసేవి), కలిపే పద్ధతులు. రెసిడెంట్ ఈ కింది లెక్కలు కాగితం లేకుండా చెప్పగలగాలి.

పొటాషియం క్లోరైడ్: మన దగ్గర దొరికే 10 మి.లీ. ఆంప్యూల్‌లో 1.5 గ్రాములు, అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్లు. మామూలు వార్డులో చేతి నరం ద్వారా గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు. సీసాలో వేశాక నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలపాలి. వేలాడుతున్న సీసాలోకి అలాగే ఎక్కిస్తే మందు అడుగున చేరి, మొదటి కొన్ని నిమిషాల్లోనే పేషెంట్‌కి గాఢంగా వెళ్తుంది. అసలు వార్డు స్టాక్‌లో ఆ ఆంప్యూల్సే ఉండకూడదు. ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి లిస్టు తేవడం రెసిడెంట్‌కి మంచి మొదటి పని.

ఇన్సులిన్: వయల్స్‌లో ఎక్కువ భాగం మి.లీ.కి 40 యూనిట్లవి, పెన్ కార్ట్రిడ్జ్‌లు 100వి. ఎర్రమూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. పెన్ పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్రమూత సిరంజితో లాగితే డోసు రెండున్నర రెట్లు పడుతుంది. ఇన్‌ఫ్యూజన్‌కి 50 మి.లీ. సెలైన్‌లో 50 యూనిట్లు అంటే 40 వయల్‌లోంచి 1.25 మి.లీ. తీయాలి. 100 అనుకుని 0.5 మి.లీ. తీస్తే 20 యూనిట్లే వెళ్లాయి, షుగర్ ఎందుకు దిగట్లేదో తెల్లారేదాకా ఎవరికీ అర్థం కాదు.

నార్ అడ్రినలిన్ (పడిపోయిన బీపీని పెంచే మందు): లేబుల్ మీద రాసింది బైటార్ట్రేటా, బేసా చూడాలి. 2 మి.గ్రా. బైటార్ట్రేట్ అంటే 1 మి.గ్రా. బేస్. ఇద్దరు రెండు రకాలుగా లెక్కేస్తే డోసు సగమో రెట్టింపో అవుతుంది.

యాంఫోటెరిసిన్‌ని (ఫంగస్ మందు) 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే ఇవ్వాలి, సెలైన్ తగిలితే విరిగిపోతుంది. లైన్ ఫ్లష్ చేసేది కూడా డెక్స్‌ట్రోజ్‌తోనే. ఫెనిటాయిన్ (మూర్ఛ మందు) దీనికి రివర్స్: సెలైన్‌లోనే, పెద్దవాళ్లకి నిమిషానికి 50 మి.గ్రా. దాటకుండా. సెఫ్ట్రియాక్సోన్, రింగర్ లాక్టేట్ ఒకే లైన్‌లో కలవకూడదు. ఇక యాంఫోటెరిసిన్ మామూలుదా లైపోసోమల్‌దా అని ఆర్డర్‌లో రాయించకుండా కదలనివ్వొద్దు. ఒకదాని డోసు కిలోకి 1 మి.గ్రా. దగ్గర, రెండోదానిది 5 మి.గ్రా. దాకా. తారుమారైతే మనిషి దక్కడు.

మందులకవర్_మలక్‌పేట
ఎల్బీనగర్ అన్న చెప్పినవన్నీ నిజం. కానీ జనరల్ మెడిసిన్ 10 వారాల్లో అసలు పని అడ్మిషన్ రోజు మందుల చరిత్ర తీసుకోవడమే అని నా నమ్మకం. ఇందులో తర్ఫీదు ఎవరూ సరిగ్గా ఇవ్వరు.

"ఏం మాత్రలు వాడుతున్నారు?" అని అడిగితే "బీపీ గోళి, షుగర్ గోళి" అంటారు, అక్కడితో ఆగిపోతారు. ఇన్సులిన్, ఇన్‌హేలర్, కంటి చుక్కలు వాళ్ల లెక్కలో మందులు కావు. వారానికొకసారి వేసుకునేవి ఏమున్నాయని విడిగా అడగాలి. విటమిన్ డి 60,000 అయితే ఫర్వాలేదు. మెథోట్రెక్సేట్ అయితే చార్టులో "రోజుకి ఒకటి" అని ఎక్కిందంటే ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత "ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పులకి సూది వేయించుకున్నారా?", "ఆకుపసరు, చూర్ణాలు ఏమైనా?" పాతబస్తీ పేషెంట్లని ఉర్దూలో అడగండి. "దవా కబ్ సే బంద్ హై?" (మందు ఎప్పటి నుంచి ఆపేశారు?) అని అడిగేదాకా మందు మానేసిన సంగతి బయటికి రాదు.

ఇంట్లోవాళ్లతో మందుల కవర్ మొత్తం తెప్పించాలి. కత్తిరించిన స్ట్రిప్‌లో పేరు ఉండదు, ఒక్కోసారి ఎక్స్‌పైరీ కూడా ఉండదు. అలాంటప్పుడు మందుల షాపు బిల్లు చూడండి, లేదా ఆ షాపుకే ఫోన్ చేయండి. ఇంకొక పెద్ద ఉచ్చు కాంబినేషన్ మాత్రలు. స్ట్రిప్‌లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసి ఉంటాయి, వార్డులో మెట్‌ఫార్మిన్ వేరేగా రాస్తారు, రెండూ నడుస్తాయి. టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్‌తో కూడా ఇదే. డిశ్చార్జ్ రోజు పాత కవర్‌లో ఏది పారేయాలో చేతిలో పెట్టి చూపించకపోతే ఇంటికెళ్లాక పాతవీ కొత్తవీ కలిపి మింగుతారు.

రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఉన్నవాళ్ల చార్టు రోజూ చూడాలి. పాంటోప్రజోల్ మాత్ర నూరి వేస్తే పైపూత పోయి మందు కడుపులోనే పాడవుతుంది. బీపీకి వాడే ఎస్‌ఆర్ (నెమ్మదిగా విడుదలయ్యే) మాత్రలు నూరితే రోజంతా విడుదల కావాల్సింది ఒక్కసారే వచ్చి బీపీ పడిపోతుంది.

ఐసీయూ_గచ్చిబౌలి
మూత్రపిండాల డోసులు ఏడాదంతా రోజూ చేయించండి. క్రియాటినిన్ నార్మల్ అని వదిలేసే అలవాటు పోవాలి. 70 ఏళ్ల అవ్వ, 45 కిలోలు, క్రియాటినిన్ 0.8. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ (మూత్రపిండాల పనితీరు అంచనా వేసే సూత్రం) ప్రకారం 140లోంచి వయసు తీసేస్తే 70, దాన్ని 45తో హెచ్చించి, 72 ఇంటూ 0.8తో భాగించి, ఆడవాళ్లు కాబట్టి 0.85తో హెచ్చిస్తే నిమిషానికి 46 మి.లీ. ల్యాబ్ రిపోర్టులో ఎర్ర గుర్తు ఏదీ ఉండదు, కానీ మెరోపెనెమ్ (యాంటీబయాటిక్) 1 గ్రాము 8 గంటలకోసారి కాకుండా 12 గంటలకోసారి వెళ్లాలి.

వ్యాంకోమైసిన్ (ఇదీ యాంటీబయాటిక్) లెవల్, అంటే రక్తంలో మందు ఎంతుందో, అడిగేముందు శాంపిల్ ఎప్పుడు తీశారో సిస్టర్‌ని అడగాలి. తర్వాతి డోసుకి అరగంట ముందు తీయాల్సింది. ఫారం మీద రాసిన టైమ్ వేరు, నిజంగా తీసిన టైమ్ వేరు అవుతుంది. మందు వెళ్తున్న లైన్‌లోంచే రక్తం తీస్తే అంకె ఆకాశానికి పోతుంది. అలాంటి అంకెని నమ్మి డోసు తగ్గించడం కంటే మళ్లీ శాంపిల్ తీయించడం మేలు. 1 గ్రాముకి కనీసం 60 నిమిషాలు పట్టాలి. త్వరగా వదిలితే ఒళ్లంతా ఎర్రబడుతుంది, దాన్ని ఎలర్జీ అని కేస్ షీట్‌లో రాసేస్తారు, పేషెంట్‌కి ఆ మందు జీవితాంతం దూరం.

ఫెనిటాయిన్ లెవల్ 8 వచ్చిందని డోసు పెంచేముందు ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) చూడాలి. ఆల్బుమిన్ 2 ఉంటే, 8ని 0.5తో భాగించాలి (0.2 ఇంటూ 2, దానికి 0.1 కలిపి). 16 వస్తుంది. ఉండాల్సిన 10-20లోనే ఉంది.

స్టీవార్డ్_తార్నాక
గచ్చిబౌలి మేడమ్ లెక్క సరైనదే, కానీ ఒక మాట చేర్చకపోతే రెసిడెంట్లు దాన్ని గుడ్డిగా పట్టుకుంటారు. సెప్సిస్‌తో వచ్చిన మొదటి 48 గంటల్లో పెరిగిన క్రియాటినిన్ చాలామందిలో ఫ్లూయిడ్స్ పడ్డాక దిగిపోతుంది. ఆ రెండు రోజులే యాంటీబయాటిక్ పూర్తిగా అందాల్సిన సమయం. అప్పుడే మెరోపెనెమ్, పిప్టాజ్ (పిపెరాసిలిన్-టాజోబాక్టమ్) తగ్గిస్తే ఇన్ఫెక్షన్‌కి తక్కువ డోసు ఇచ్చినట్టే. వ్యాంకోమైసిన్, కొలిస్టిన్, అమికాసిన్ విషయంలో మాత్రం ఈ ఉదారత పనికిరాదు.

మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి రిఫాంపిసిన్ (టీబీ మందు) మొదలైన ప్రతి చార్టునీ ఆ రోజే పూర్తిగా చదవాలి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) పని తగ్గుతుంది. వొరికొనజోల్‌తో (ఫంగస్ మందు) కలిపి ఇవ్వకూడదు. డోలుటెగ్రావిర్ (హెచ్‌ఐవీ మందు) 50 మి.గ్రా. రోజుకి రెండుసార్లు కావాలి. రిఫాంపిసిన్ ఆపాక ఆ ప్రభావం పోవడానికి రెండు వారాలు పడుతుంది, వార్ఫరిన్ డోసు అప్పుడు మళ్లీ తగ్గించాలి. ఈ రెండో సగం అందరూ మర్చిపోతారు.

ఐసీయూ_గచ్చిబౌలి
ఒప్పుకుంటున్నా సర్. నా ఉదాహరణ ఇన్ఫెక్షన్ నిలకడగా ఉన్న అవ్వది. సెప్సిస్‌లో మొదటి రెండు రోజులు పూర్తి డోసు, మూడో రోజు మళ్లీ లెక్క. రెసిడెంట్ చార్టు మీద "48 గంటలకి మళ్లీ చూడాలి" అని తేదీ, టైమ్ వేసి రాయాలి, లేకపోతే పూర్తి డోసే వారం నడుస్తుంది.

ఫార్మ్‌డీ_ఘట్‌కేసర్
సార్, ఇక్కడ రెసిడెన్సీ చేస్తే అమెరికాలో లెక్కలోకి వస్తుందా?

వార్డ్‌ఫార్మా_సోమాజిగూడ
రాదు తమ్ముడూ. అక్కడ పీజీవై1 (మొదటి ఏడాది రెసిడెన్సీ) కూడా ఏడాదే, కానీ మ్యాచ్ (సీట్లు కేటాయించే పద్ధతి) ద్వారా చేరాలి. దానికి ముందు ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ (విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లకి ఇచ్చేది), అందులో భాగంగా ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, టోఫెల్ లాంటి ఇంగ్లీషు పరీక్ష. ఆ తర్వాత ఆ రాష్ట్రం అడిగినన్ని ఇంటర్న్ గంటలు, నాప్లెక్స్ (లైసెన్సు పరీక్ష). ఇక్కడి ఏడాది నీకు పని నేర్పుతుంది, లైసెన్సు ఇవ్వదు. మన దగ్గర ఇది ఫార్మసీ కౌన్సిల్ గుర్తించే డిగ్రీ కూడా కాదు, సర్టిఫికెట్ ఆసుపత్రిది. అందుకే చేరేముందు ఎన్ని పడకలు, ప్రిసెప్టర్ ఎవరు, రౌండ్స్ రోజూ ఉంటాయా, కౌంటర్ మీద ఎన్ని గంటలు అన్నవి కాగితం మీద తీసుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వకు.

క్వాలిటీ_సికింద్రాబాద్
పరీక్షించడం గురించి అడిగారు కదా. ఇంటర్వెన్షన్ రిజిస్టరే (రెసిడెంట్ ఇచ్చిన సూచనలు రాసే పుస్తకం) మీ ప్రశ్నపత్రం. టైమ్, పడక, చార్టులో ఏముంది, మీరేం సూచించారు, ఎవరితో మాట్లాడారు, మార్చారా లేదా, తర్వాత పేషెంట్‌కి ఏమైంది. "డాక్టర్‌కి చెప్పాను" అన్న ఎంట్రీని ఒప్పుకోవద్దు. నెలాఖరున అందులోంచి ప్రిసెప్టర్ పది ఎంట్రీలు తీసి, ఒక్కోదానికీ ఆధారం అడగాలి. తిరస్కరించిన సూచనలనే ఎక్కువ అడగండి. డాక్టర్ కారణం సరైనదైతే దాన్ని రెసిడెంట్ చెప్పగలగాలి.

మందుల పొరపాట్లని ఎన్‌సీసీ మెర్ప్ (పొరపాటు తీవ్రతని చెప్పే పట్టిక) ప్రకారం ఏ నుంచి ఐ దాకా వర్గీకరించడం, దుష్ప్రభావాలకి నరాంజో స్కోరు (మందు వల్లే వచ్చిందా అని తేల్చేది) వేయడం మొదటి నెలలోనే రావాలి (9 ఆపైన ఖాయం, 5-8 ఎక్కువ అవకాశం, 1-4 కొంత అవకాశం). ఫార్మకోవిజిలెన్స్ (దుష్ప్రభావాలు రిపోర్టు చేసే) ఫారంలో పేషెంట్ పేరులోని పొడి అక్షరాలు, వయసు, ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది, అనుమానిత మందు, రిపోర్టు చేసినవారు తప్పనిసరి. బ్యాచ్ నంబర్ కూడా అప్పుడే రాసేయండి, మర్నాటికి ఖాళీ వయల్ చెత్తలో ఉంటుంది. హెల్ప్‌లైన్ 1800-180-3024.

ఇన్‌ఛార్జ్_కూకట్‌పల్లి
అందరికీ ధన్యవాదాలు. షెడ్యూలు మార్చి రాస్తున్నా. ఆఖరిగా ఒకటి: రాత్రి డ్యూటీ ఎప్పటి నుంచి వేయాలి?

ఇంజెక్షన్_రూమ్_ఎల్బీనగర్
నాలుగో నెల దాటాక, ఫోన్‌లో ప్రిసెప్టర్ అందుబాటులో ఉంటేనే. దానికి ముందు విరుగుడు మందులు నేర్పండి, రాత్రి వచ్చే ఫోన్లు ఎక్కువగా వాటికోసమే. జిల్లాల నుంచి పురుగుమందు కేసులు వస్తాయి. మన అట్రోపిన్ ఆంప్యూల్ 0.6 మి.గ్రా. మొదటి డోసు 1.8 మి.గ్రా., అంటే 3 ఆంప్యూల్స్. ఊపిరితిత్తులు తేటపడకపోతే ప్రతి 5 నిమిషాలకీ రెట్టింపు: 6, 12, 24 ఆంప్యూల్స్. పావుగంటలో 45 ఆంప్యూల్స్ అయిపోతాయి. ఆపాల్సింది ఛాతీ తేటపడి, గుండె వేగం 80 దాటి, పై బీపీ 80 మించాక. కనుపాప పెద్దదైందా అని చూసి ఆపకూడదు. పారాసెటమాల్ ఎక్కువ మింగినవాళ్లకి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కిలోకి 150 మి.గ్రా. గంటలో, 50 నాలుగు గంటల్లో, 100 పదహారు గంటల్లో. మూడు సీసాలకీ మూడు లేబుళ్లు ముందే రాసి పంపాలి. డ్యూటీ ఎక్కగానే రెసిడెంట్ చేయాల్సిన మొదటి పని క్యాజువాలిటీలో అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్, పాము విషం విరుగుడు ఎన్ని ఉన్నాయో చేత్తో లెక్కపెట్టడం. కంప్యూటర్‌లో చూపించే స్టాక్‌ని నమ్మొద్దు, సాయంత్రం వాడినవి అందులో ఎక్కేది పొద్దున్నే.