కాగితం చక్రాలు గుండ్రంగా రావట్లేదు, పైగా గోడకు మేకు కొట్టకూడదు!

మల్కాజిగిరి అమ్మాయి:
వచ్చే వారం రాత్రి మా ఇంటికి క్యారల్స్ వాళ్లొస్తున్నారు. సోఫా వెనక గోడ బోసిగా ఉంది. విసనకర్రలా మడిచి గుండ్రంగా అంటించే కాగితం చక్రాలతో దాన్ని నింపాలని నా ఆశ. రెడ్, గ్రీన్ ఏ4 కాగితాలను నిలువునా సగానికి కోసి, రెండేసి ముక్కలు కలిపి మడుస్తున్నా. చివర్లు కలవడం లేదు. లాగి అంటిస్తే మధ్యభాగం గొడుగులా పైకి లేస్తోంది. ఇంకో టెన్షన్: అద్దె ఇల్లు, ఓనరాంటీ ఒక్క మేకు కూడా కొట్టనివ్వరు. ఏం చేయాలి?

బొల్లారం సండేస్కూల్ టీచర్:
పట్టీ పొడవు చాలడం లేదమ్మా, అంతే. చక్రం పరుచుకున్నాక దాని చుట్టుకొలత పట్టీ వెడల్పుకు ఆరుంబావు రెట్లు దాటుతుంది. మీ పట్టీ వెడల్పు 10.5 సెంటీమీటర్లు కదా, కనీసం 66 కావాలి. రెండు ముక్కలు కలిపితే 59 దగ్గరే ఆగిపోతుంది. మూడోది కూడా కలపండి, కుచ్చు నిండుగా వస్తుంది.

నన్నడిగితే ఏ4 జోలికే వెళ్లొద్దు. 22 అంగుళాలకు 28 అంగుళాల కలర్ చార్ట్ కొని, 28 అంగుళాల వైపు పొడవుగా వచ్చేలా 9 సెంటీమీటర్ల పట్టీలు కోయండి. ఒక చార్ట్‌కు ఆరు వస్తాయి. అతుకుల బాధ లేకుండా ఒక్కో పట్టీకి ఒక్కో చక్రం, 18 సెంటీమీటర్లది. మడత ఒకటిన్నర సెంటీమీటరు చాలు. రీఫిల్ అయిపోయిన పెన్నుతో స్కేలు పెట్టి ముందే గీతలు నొక్కుకుంటే చార్ట్ పగలకుండా మడత పడుతుంది. మడతల మధ్య వచ్చే పలకలు సరిసంఖ్యలో ఉండాలి, లేదంటే చివర్లు అతికించే చోట వరస తప్పుతుంది.

చివర్లు అంటించాక గొట్టంలా నిలబెట్టి, పై అంచును మెల్లగా లోపలికి నొక్కితే చక్రం పరుచుకుంటుంది. అప్పుడు నడుమ గ్లూ గన్ చుక్క వేసి గుండ్రటి అట్ట బిళ్ల పెట్టి, చల్లారేదాకా చెయ్యి తీయకండి. వెనక కూడా ఒక బిళ్ల. గన్ లేకపోతే ఫెవికాల్ పూసి, పైన చక్కెర డబ్బా పెట్టి రాత్రంతా వదిలేయండి. బిళ్లలకు పాత పెళ్లి పత్రికలు భలే ఉంటాయి, బంగారు రంగు ఊరికే వస్తుంది. గ్లిట్టర్ షీట్లు మాత్రం కొనకండి. మడత దగ్గర మెరుపంతా రాలి ఇల్లు ఊడ్చలేక చస్తారు. క్రేప్ కాగితానికి మడత నిలవదు.

కోఠి కుర్రాడు:
ఇంత కష్టం దేనికండీ? బేగంబజార్‌లో రెడీమేడ్ ప్యాకెట్లు దొరుకుతాయి.

మల్కాజిగిరి అమ్మాయి:
డిసెంబర్‌లో మల్కాజిగిరి నుంచి బేగంబజార్‌కా! చార్టులు మా సందు చివర స్టేషనరీ షాపులోనే ఉన్నాయి బాబూ.

అల్వాల్ అక్క:
గోడ సంగతి నేను చెప్తా. గోడను ముట్టుకోనే వద్దు. మీకు కర్టెన్ రాడ్ ఉంటే, తెల్ల దుప్పటో ముదురు ఆకుపచ్చ చీరో దానికి వేలాడదీసి, చక్రాల వెనక బిళ్లకు పిన్నీసు అంటించి గుచ్చేయండి. పెద్దవి ముందు, సందుల్లో చిన్నవి. సోఫా జరిపి ఆ కిటికీ ముందుకే వేసుకోండి, ఒక్క రాత్రి పనే కదా. డబుల్ టేపు మాత్రం వాడొద్దు. డిస్టెంపర్ వేసిన గోడైతే రంగు పెచ్చులుగా ఊడొస్తుంది, ఆ తర్వాత అడ్వాన్సులో కోతే.

మల్కాజిగిరి అమ్మాయి:
చీర ఐడియా సూపర్ అక్కా! టీచర్ గారూ, మా బాబుకు బాల్కనీలో గాలికి తిరిగేవి కావాలట. ఇవే కట్టొచ్చా?

బొల్లారం సండేస్కూల్ టీచర్:
ఇవి తిరగవమ్మా. దానికి 15 సెంటీమీటర్ల చదరం తీసుకుని, నాలుగు మూలల నుంచీ మధ్యకు కోస్తూ రెండు సెంటీమీటర్ల ముందే ఆపండి. మూల విడిచి మూల నడుముకు వంచి గుండుసూది గుచ్చండి. పుల్లకూ కాగితానికీ మధ్య ఒక పూస ఎక్కించండి. అది లేకపోతే కాగితం పుల్లకు రాసుకుని కదలదు. సూది మొనను కటింగ్ ప్లేయర్‌తో మీరే వంచండి, బాబు చేతికివ్వొద్దు.