తమ్ముడు ముభావంగా ఉంటున్నాడు, ఏమని పలకరించాలి?

ఖమ్మం అక్క:
మా తమ్ముడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని మూడేళ్లుగా గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. దసరాకి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. మధ్యాహ్నం దాకా మంచం దిగడు, స్నానం రెండు మూడు రోజులకోసారి, క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడు ఇప్పుడు మ్యాచ్ వస్తోందన్నా తల తిప్పడు. నాన్న ఒళ్లు బద్ధకం అంటారు, అమ్మ దిష్టి తీయించింది. నేను "ధైర్యంగా ఉండరా, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అన్నాను, అప్పటినుంచి నాతోనూ మాటలు తగ్గించేశాడు. మొన్న "నేను లేకపోతే మీకు ఈ ఖర్చన్నా తప్పేది" అన్నాడు, పిచ్చి మాటలు మాట్లాడకు అని కసిరి వంటింట్లోకి వచ్చేశాను. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. కదిలిస్తే ఇంకా ఎక్కువవుతుందేమోనని భయం.

టీ గ్లాసు:
ఆ మంచం మీద ఏడు నెలలు పడుకున్నవాణ్ణి నేను. "ధైర్యంగా ఉండు" అని ఎవరైనా అంటే, అది కూడా చేతకాలేదా నీకు అన్నట్టే వినపడేది. మా అన్నయ్య రోజూ సాయంత్రం రెండు గ్లాసుల టీ తెచ్చుకుని మెట్ల మీద కూర్చునేవాడు, రావాలనిపిస్తే రారా అనేవాడు, అంతే. నాలుగు రోజులు వెళ్లలేదు. ఐదో రోజు టీ చల్లారిపోతోందని వెళ్లాను, నిజంగా అందుకే. బోరు మోటారు కాలిపోయిన సంగతేదో చెప్పాడు, నా గురించి ఒక్క ముక్క అడగలేదు. పది రోజులయ్యాక నేనే మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చోబెట్టి ఏమైందో చెప్పు అంటే నోరు పెగలదండీ, పక్కపక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే అదే వస్తుంది.

నైట్ డ్యూటీ:
టీ మంచిదే, కానీ ఆ "నేను లేకపోతే" అన్న మాటకి పది రోజులు ఆగొద్దు. మానసిక వార్డులో నర్సుని, అందుకే గట్టిగా చెప్తున్నా. ఇవాళే అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందారా?" అని ఆ మాటతోనే. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే అరవకండి, ఒట్టు వేయించుకోకండి (ఒట్టు వేసినవాడు రెండోసారి మీకు చెప్పడు). పొలం మందులు, పాత మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. ఎలా చేసుకోవాలో కూడా అనుకున్నానంటే ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రైనా పగలైనా, తెలుగులో మాట్లాడతారు, అతను చేయనంటే మీరు చేయొచ్చు. డాక్టరు మందులు రాస్తే గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పండి, చాలామంది వారానికే పని చేయట్లేదని మానేస్తారు. అమ్మగారి దిష్టితో మాత్రం గొడవ పెట్టుకోకండి, అదీ ఉండనివ్వండి, ఇదీ చేయండి.

ఖమ్మం అక్క:
అడిగాను. చాలాసేపు గోడ వైపు చూసి, "రెండుసార్లు అనిపించింది, ఎలా అన్నది ఏమీ అనుకోలేదు" అన్నాడు. ఏడవకూడదనుకున్నాను గానీ ఆపుకోలేకపోయాను, వాడే నీళ్లు తెచ్చిచ్చాడు. స్పీకర్ పెట్టి 14416కి ఇద్దరం మాట్లాడాం, రేపు పొద్దున్నే సైకియాట్రీ ఓపీకి వెళ్తున్నాం, రాత్రి వాడి గదిలోనే పడుకుంటున్నా. నాన్న ఏమీ అడగకుండానే గడ్డిమందు డబ్బాలు బాబాయి వాళ్లింట్లో పెట్టొచ్చారు. నేనూ వస్తానంటున్నారు. డాక్టరు ముందు "బద్ధకం" అంటారేమోనని టెన్షన్, ఆయన్ని తీసుకెళ్లనా వద్దా?