పద్యం పాడతారా, చదువుతారా?

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక సభ్యురాలు):
మా పాప బడిలో పోటీకి పోతనగారి "ఎవ్వనిచే జనించు" పద్యం నేర్చుకుంటోంది. "ఏదీ, ఒకసారి పాడు" అన్నాను. పక్కనున్న మా అత్తగారు "పద్యం పాడరమ్మా, చదువుతారు" అని దిద్దేరు. ఏది ఒప్పు? పెద్దలెవరైనా చెప్పండి.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం):
అమ్మా, మీ అత్తగారు అన్నది మా ఇళ్లలో పాత మాటే. మా నాన్నగారి తరంవాళ్లు "భలే పద్యం చదివేడురా" అనేవారు. ఆ చదవడానికి పుస్తకంతో పని లేదు. నోటికి వచ్చినదాన్ని నలుగురికీ వినబడేలా పలికితే అది చదవడమే. పురోహితుడు మంత్రం చదువుతాడు. పెళ్లిలో ఎవరేమిచ్చారో పైకి చెప్పి చదివిస్తారు, అందుకే అవి చదివింపులయ్యాయి.

నాటకాల వాళ్ల దగ్గర మాత్రం వేరే క్రియలు వినబడేవి. హార్మోనియం శ్రుతి అందగానే కృష్ణుడు పద్యం "ఎత్తుకునేవాడు", అర్జునుడు "అందుకునేవాడు". పద్యం చివర "రాగం తీసేవారు". ఈ రాగం తీయడం ఇంట్లో మారాం చేసే పిల్లల మీదికి కూడా వచ్చింది, "ఏంట్రా ఆ రాగాలు" అని. పైడితల్లమ్మ పండగ రోజుల్లో తెల్లవార్లూ నాటకాలు చూసిన వాళ్లం మేం. ఒక్క పద్యానికి రెండేసి, మూడేసి వన్స్‌మోర్లు పడేవి. మన ప్రాంతంవారే అయిన పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణుడు కడుతున్నారంటే బళ్లు కట్టుకుని వెళ్లేవారు. ఆయన పద్యంలో మాటను ఎక్కడా మింగేసేవారు కాదు, చివరి వరసలో కూర్చున్న వాడికీ అర్థం అందేది.

ఇక నాకు ప్రాణమైన సంగతి. ఘంటసాలగారు మన ఊళ్లో, మహారాజావారి సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఘంటసాలకు గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు. పూట గడవని రోజుల్లో జోలె కట్టి, ఇంటింటా మధుకరం ఎత్తి ఈ వీధుల్లోనే తిరిగిన మనిషి ఘంటసాల. ఆ మనిషి గొంతులో పద్యం మారిపోయింది.

ఎలా మారిందో మీ పాప నేర్చుకుంటున్న పద్యంతోనే చెబుతాను.

ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వనియందు డిందు పరమేశ్వరు డెవ్వడు మూలకారణం
బెవ్వ డనాదిమధ్యలయు డెవ్వడు సర్వము దానయైన వా
డెవ్వడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్

ఉత్పలమాల. పాదం చివర చూడండి. "మూలకారణం" అని రెండో పాదం ఆగితే "బెవ్వడు" కింద పడుతుంది. "వా" అని మూడోది ఆగితే "డెవ్వడు" విరిగిపోతుంది. పాదం అయిందని అక్కడ రాగం తీస్తే వినేవాడికి "వా" తప్ప ఏమీ మిగలదు. ఛందస్సు గొలుసును నాలుగు ముక్కలు చేసింది కానీ అర్థం ఆ ముక్కల దగ్గర ఆగలేదు.

ఘంటసాల అర్థం ఆగిన చోట ఆగారు. కరుణశ్రీగారి పుష్పవిలాపం వినండి. అందులో ఒక పాదం "మా" అన్న అక్షరం మీద ముగుస్తుంది, తరవాతి పాదం "ప్రాణము తీతువా" అని మొదలవుతుంది. "మా ప్రాణము తీతువా" అన్నది పువ్వు మాట. దాన్ని ఆయన ఒక్క ఊపిరిలో కలిపి పలికారు. పాదం ఎక్కడ విరిగిందో చెవికి తెలియదు, పువ్వు అడిగిందని తెలుస్తుంది. రాగం ఉంది, అయితే మాట ముందు నడుస్తుంది, రాగం దాని వెంట నడుస్తుంది. ఆనాటి 78 ఆర్‌పిఎం రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఆ ఇరుకులో సాగదీతకు చోటు లేదన్నది నిజమే. కానీ ఆ ఇరుకు పాడిన వాళ్లందరికీ ఉంది, ఈ పలుకు ఆయనకే వచ్చింది.

స్పందన (శ్రీకాకుళం నుంచి ఒక సభ్యుడు):
మాస్టారూ, నమస్కారం. రాగాన్ని మీరు కొంచెం చిన్నబుచ్చేరు. మా తాతగారు నాటకాల్లో వేషం కట్టేవారు. మైకు లేని రోజుల్లో పొలంలో వేసిన పందిట్లో వెయ్యి మందికి వినబడాలంటే గొంతు పైకి లేపి నిలబెట్టాలి కదండీ. అది గొప్ప కోసం చేసింది కాదు.

జవాబు:
బాబూ, మీరు చెప్పింది న్యాయం, ఒప్పుకుంటున్నాను. మైకు ముందు నిలబడి గుసగుసగా పలికినా వినబడే వసతి ఘంటసాలకు ఉంది, మీ తాతగారికి లేదు. అలా గొంతు నిలబెట్టిన వాళ్లే మన పల్లెల్లో అక్షరం రాని వాళ్లకు కూడా తిరుపతి వేంకట కవుల పద్యాలు నోటికి వచ్చేలా చేశారు.

అసలు ప్రశ్నకు వస్తే, రెండు క్రియలూ కలిసి ఉన్న చోటు ఒకటుంది. వాల్మీకి బాలకాండలో కుశలవులు నేర్చిన రామాయణం ఎలాంటిదంటే "పాఠ్యే గేయే చ మధురం", చదివినా పాడినా తీయనిది. 1963లో వచ్చిన లవకుశ సినిమాలో ఆ పిల్లలిద్దరికీ గొంతిచ్చినది పి. లీల, పి. సుశీల. సుశీలగారు 1935లో పుట్టింది మన విజయనగరంలోనే, సంగీతం నేర్చింది ఆ కళాశాలలోనే. ఆ సినిమాకు సంగీతం ఘంటసాల. ఇద్దరూ ఒక్క గడప తొక్కిన వాళ్లు. అందులో సుశీలగారి "ళ", "ణ", "శ" ఎంత విడివిడిగా వినబడతాయో పాపకు వినిపించండమ్మా. తరగతిలో నేను గంటసేపు చెప్పినా పిల్లలకు పట్టని ఉచ్చారణ ఆ పాటల్లో దొరికేది.

కాబట్టి మీ అత్తగారి "చదవడం" ఒప్పు, మీ "పాడడం" కూడా ఒప్పే. పోటీకి మటుకు పాపతో ముందు రాగం లేకుండా ఇలా చదివించండి: "మూలకారణం బెవ్వడు / అనాదిమధ్యలయుడెవ్వడు / సర్వము దానయైన వాడెవ్వడు / వాని, ఆత్మభవుని, ఈశ్వరుని, నే శరణంబు వేడెదన్." ఎక్కడ ఊపిరి తీయాలో నోటికి అలవాటయ్యాక, అప్పుడు ఏ మోహనో, కల్యాణో ఎత్తుకోమనండి.

శ్రీకాకుళం బాబూ, మీ తాతగారి నాటక సమాజంలో రాగం తీయకుండా వదిలేసే పద్యాన్ని ఏమనేవారు? మా వైపు "వచనంలా కానిచ్చేడు" అనేవారు. మీ పలాస, టెక్కలి వైపు వేరే మాట ఉంటే రాయండి.